ఒర ఊడకుండా: మేక పెప్సినోజెన్ ప్రాజెక్టు డైరీ

జూన్ 12

ప్రాజెక్టు ఖాయమైంది. మేక కడుపు నుంచి పెప్సినోజెన్ తీసి శుద్ధి చేయాలి. తర్వాత దాన్ని పెప్సిన్‌గా మార్చి, ఏ పీహెచ్ దగ్గర బాగా పనిచేస్తుందో, ఏ మందు దాన్ని ఆపుతుందో, అణువు బరువెంతో చూడాలి. చేతిలో ఉన్నది నాలుగు నెలలు.

మేకే ఎందుకు అని మేడమ్ అడిగారు. పుస్తకాల్లో పెప్సిన్ అంటే దాదాపు ఎప్పుడూ పందిదే. సీసాలో కొనుక్కునేది కూడా ఎక్కువగా పంది కడుపు నుంచి తీసిందే. మన దగ్గర సందుకో మటన్ షాపు ఉంది, అక్కడ మేక కడుపు రోజూ దొరుకుతుంది. మా పని కోసం విడిగా ఏ మేకనూ కోయనక్కర్లేదు. ఈ మాటకే మేడమ్ సరే అన్నారు.

పెప్సిన్ మాంసకృత్తుల్ని చిన్న పెప్టైడ్ ముక్కలుగా కోస్తుంది. తను కూడా మాంసకృత్తే. తయారుచేసే కణాన్నే కోసేయకుండా ఉండాలి కదా, అందుకని కడుపు గోడ దాన్ని పెప్సినోజెన్ రూపంలో తయారుచేస్తుంది. అందులో మొదటి భాగంలో నలభై పైచిలుకు అమైనో ఆమ్లాల ముక్క అదనంగా ఉండి, కోసే చోటును కప్పేస్తుంది. కత్తికి ఒర ఉన్నట్టు. ఒరలో లైసిన్లు ఎక్కువ కాబట్టి దానిది ధనావేశం, కత్తి వైపు రుణావేశం. ఆ ఆకర్షణతోనే రెండూ అంటుకుని ఉంటాయి. ఆమ్లం తగిలితే కత్తి మీది రుణావేశాలు పోయి పట్టు సడలుతుంది, ఒర తెగి ఊడిపోతుంది. కడుపులో జరగాల్సింది అదే. మా ల్యాబులో మాత్రం నేను చెప్పేదాకా అది జరగకూడదు.

జూన్ 19

పొద్దున ఆరున్నరకి మా సందు చివరి షాపుకి వెళ్లాను. బోటి కడిగే కాక ఒక్కడే ఉన్నాడు. కావాల్సింది చెప్తే ముందు అర్థం కాలేదు. ఫోన్‌లో బొమ్మ చూపించాను.

"గీ నాలుగోదా? పేగుకి ఆనుకొని ఉంటది సూడు, గదేనా?"

"అదే కాకా. లోపలంతా నున్నగా, మెత్తగా, మడతలు మడతలుగా ఉంటుంది."

ఆయన ఒక కడుపు మొత్తం బండ మీద పరిచి వేలితో చూపిస్తూ పోయాడు. తువ్వాలులా నూగున్న పెద్ద సంచి మొదటిది. తేనెపట్టు గళ్లున్నది రెండోది. పుస్తకం పేజీల్లా పొరలున్నది మూడోది. ఈ మూడింట్లో పెప్సిన్ పుట్టదు, మేత పులియడం, నలగడం, నీరు ఇంకడం వాటి పని. నాలుగోది అబోమేసమ్. మన కడుపులాంటిది ఇదొక్కటే. కాక దాన్ని చీల్చి చూపించాడు. లోపలి పొర లేత గులాబీ రంగులో, పట్టుకుంటే జారిపోయేలా ఉంది. దాని మీద సగం అరిగిన గడ్డి ఆకుపచ్చగా అంటుకుని ఉంది.

రెండు తీసుకుని, కుళాయి నీళ్లలో కడిగి, అదే నీళ్లతో పాలిథిన్ సంచిలో వేసుకుని వచ్చాను. బస్సు దొరికి ల్యాబు చేరేసరికి ఎనిమిదీ నలభై.

జూన్ 20

నిన్న సాయంత్రం దాకా పని చేశాను. జిగురు పొరను గాజు పలక అంచుతో గీకి తీస్తే 50 గ్రాములు వచ్చింది. పీహెచ్ 7.3 ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం) 150 మి.లీ. పోసి మిక్సీలో ఆపి ఆపి తిప్పాను. మస్లిన్ గుడ్డలో వడకట్టి, 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్ చేశాను. పైన తేరుకున్న ఎర్రటి ద్రవమే మొదటి సారం.

ఇవాళ దాని శక్తి కొలిచాను. మి.లీ.కి 60 యూనిట్లు కూడా లేదు. కనీసం దానికి పదింతలు ఉండాలి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైమ్ కోయడానికి ఇచ్చే హీమోగ్లోబిన్, పాడైందేమోనని ఫ్రిజ్‌లోని పాత పంది పెప్సిన్‌తో చూశాను. అది చక్కగా పనిచేసింది. అంటే లోపం నా సారంలోనే ఉంది.

రాత్రి నిద్ర పట్టలేదు.

జూన్ 21

సంగతి తెలిసింది. మొన్న పారబోయడం మర్చిపోయిన పాలిథిన్ సంచి నీళ్లు సింకు పక్కన అలాగే ఉన్నాయి. ఊరికే ఒక పీహెచ్ కాగితం ముంచాను. ఎర్రబడింది, నాలుగు కన్నా తక్కువ. ఆ నీళ్లనే హీమోగ్లోబిన్‌తో కలిపి చూస్తే రీడింగ్ స్కేలు దాటిపోయింది. నా ఎంజైమ్ అంతా అక్కడుంది.

జరిగింది ఇది. కడుపులోని ఆమ్లం కుళాయి నీళ్లలో కలిసింది. మామూలు నీళ్లకు ఆమ్లాన్ని ఆపే శక్తి లేదు. జూన్ ఎండలో రెండు గంటలు ఆ సంచిలో ఉండేసరికి ఒరలు ఊడి పెప్సినోజెన్ పెప్సిన్ అయిపోయింది. కొంత నీళ్లలోకి దిగింది, కొంత తనను తానే కోసుకుంది. మిగిలినదాన్ని నేను తీసుకెళ్లి పీహెచ్ 7.3 బఫర్‌లో వేశాను. పెప్సిన్‌కి తటస్థ పీహెచ్ పడదు, మడత విప్పుకుని పాడైపోతుంది, మళ్లీ ఆమ్లంలో వేసినా తిరిగి రాదు. అదే పెప్సినోజెన్ అయితే పీహెచ్ 7, 8 దగ్గర హాయిగా ఉంటుంది. ఒర ఉన్నప్పుడు బతికించే బఫర్, ఒర ఊడాక చంపేస్తుంది. మొదటి సారంలో నేను చేసింది అదే.

ఇది కొత్త విషయం కాదు. 1886లో ఇంగ్లండులో లాంగ్లీ, ఎడ్కిన్స్ సోడియం కార్బొనేట్ కలిపి చూసి, క్షారంలో పెప్సిన్ ఇట్టే నాశనమవుతుందనీ, పెప్సినోజెన్ తట్టుకుంటుందనీ చూపించారు. రెండూ వేర్వేరు పదార్థాలు అనడానికి వాళ్లకు దొరికిన గట్టి ఆధారాల్లో అది ఒకటి. నేనిది పరీక్ష కోసం చదివాను, మార్కులు కూడా వచ్చాయి. షాపు దగ్గర సంచి చేతిలో ఉన్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మేడమ్ ఏమీ అనలేదు. ఆ సంచి నీళ్ల రీడింగ్ నోట్‌బుక్‌లో రాయించారు. "ఫెయిలైన ప్రయోగం కాదిది, కొలిచిన ప్రయోగం" అన్నారు. నాకు అప్పటికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

జూన్ 27

ఈ వారమంతా తయారీయే. బఫర్ ఐదు లీటర్లు చేసి చల్లబెట్టాను. హీమోగ్లోబిన్ సబ్‌స్ట్రేట్ కొత్తగా చేశాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒర ఉన్నదెంత, ఊడినదెంత చూసే పరీక్ష ఒకటి ముందే సిద్ధం చేసుకున్నాను. నమూనాను రెండు భాగాలు చేయాలి. ఒకదాన్ని నేరుగా ఆమ్లంలో వేసి కొలవాలి, అది మొత్తం లెక్క. రెండోదాన్ని ముందు పీహెచ్ 8.5కి తెచ్చి, 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, అప్పుడు ఆమ్లంలో వేయాలి. మధ్యలో పెప్సిన్ చచ్చిపోతుంది కాబట్టి ఈ రీడింగ్ పెప్సినోజెన్‌ది మాత్రమే. పంది పెప్సిన్‌తో చేసి చూశాను. రెండో రీడింగ్ సున్నా వచ్చింది. పరీక్ష పనిచేస్తోంది.

లష్కర్ బోనాల ఆదివారం

కాకే చెప్పాడు, "బోనాల నాడు రా బిడ్డా, తెల్లారకముందే. ఎన్ని గావాల్నంటే అన్ని." నాలుగున్నరకల్లా సీనియర్ అక్క స్కూటీ మీద ఇద్దరం వెళ్లాం. థర్మకోల్ డబ్బా నిండా ఐసు, రెండు లీటర్ల చల్లటి ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ కాగితాలు, చాకు, గ్లౌజులు. షాపు ముందు అప్పటికే జనం, ఎక్కడి నుంచో డప్పుల చప్పుడు.

ఈసారి అన్నీ షాపులోనే చేశాం. కడుపు బయటికి తీసిన ఐదు నిమిషాల్లో నాలుగో గదిని రెండువైపులా దారంతో కట్టేసి కోశాడు కాక. చీల్చగానే లోపలున్నది పారబోసి, నీళ్లు తగలనీయకుండా నేరుగా బఫర్‌తో కడిగాను. ఒకసారి కడిగి కాగితం ఆనిస్తే ఐదు. రెండోసారి ఆరు. మూడోసారి ఏడు దాటింది. అప్పుడే డబ్బాలో పెట్టాను. నాలుగు అబోమేసమ్‌లు, ఒక్కోటి మూడుసార్లు. కాక కాగితం రంగు మారడం చూసి రెండోదాని నుంచి తనే ముంచి చూశాడు. "గిది పచ్చగైనంక పెట్టాల్నా?" అన్నాడు. అవును కాకా, పచ్చగైనంకే.

ఆరుంబావుకి ల్యాబులో ఉన్నాం. ఆదివారం కాబట్టి కోల్డ్ రూమ్ ఖాళీ.

గీకితే 100 గ్రాముల పైనే వచ్చింది, సరిగ్గా 100 తూచి తీసుకున్నాను. 300 మి.లీ. బఫర్. మిక్సీ పది సెకన్లు, ఆపడం ఒక నిమిషం, అలా ఆరుసార్లు. నురగ రాకూడదు, వేడెక్కకూడదు. వడకట్టి సెంట్రిఫ్యూజ్ చేస్తే 260 మి.లీ. సారం.

సాయంత్రం కొలిచాను. ఈ కొలత వందసార్లు చేయబోతున్నాను కాబట్టి ఒకసారి పూర్తిగా రాసుకుంటున్నాను. ఆమ్లంలో కలిపిన హీమోగ్లోబిన్ 5 మి.లీ. 37 డిగ్రీల నీటి తొట్టిలో ఉంచాలి. అది గోధుమరంగులో చిక్కటి టీ డికాక్షన్‌లా ఉంటుంది. అందులో 1 మి.లీ. ఎంజైమ్ వేసి స్టాప్‌వాచ్ నొక్కాలి. పది నిమిషాలకి సరిగ్గా 10 మి.లీ. టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం). వేసిన క్షణంలోనే కోయని హీమోగ్లోబిన్ అంతా విరిగిన పాలలా ముద్దలు కడుతుంది. ఎంజైమ్ కోసిన చిన్న ముక్కలు మాత్రం ద్రవంలోనే మిగులుతాయి. వడపోస్తే వచ్చే స్వచ్ఛమైన ద్రవాన్ని 280 నానోమీటర్ల దగ్గర చూడాలి. పోల్చి చూసే బ్లాంక్ ట్యూబులో టీసీఏ ముందు, ఎంజైమ్ తర్వాత. నిమిషానికి 0.001 పెరిగితే ఒక యూనిట్.

ముప్పై రెట్లు పలచన చేసిన సారానికి తేడా 0.320. అంటే పలచన చేసినదానిలో మి.లీ.కి 32 యూనిట్లు, అసలు సారంలో 960. మొత్తం 2,49,600 యూనిట్లు.

పీహెచ్ 8.5 పరీక్ష కూడా చేశాను. 0.320 కాస్తా 0.301 అయింది. నూటికి తొంభై నాలుగు ఒర ఊడకుండా వచ్చాయి.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. అవతల బోనాల పాటలు, నా మాట సగం వినపడలేదు, అయినా అర్థమైంది.

మర్నాడు

లోరీ పద్ధతిలో ప్రొటీన్ చూస్తే మి.లీ.కి 12 మి.గ్రా., మొత్తం 3,120 మి.గ్రా. మి.గ్రా.కి 80 యూనిట్లు. ఇక్కడి నుంచి మెట్టు మెట్టుకీ ఈ అంకె పెరగాలి, మొత్తం యూనిట్లు వీలైనంత తక్కువ తగ్గాలి. శుద్ధి అంటే ఈ రెండు అంకెల మధ్య బేరమే.

తర్వాత అమోనియం సల్ఫేట్, ప్రొటీన్లను ముద్దగా కింద పడేసే ఉప్పు. కల్వంలో మెత్తగా నూరుకుని, ఐసులో పెట్టిన బీకరులో చిటికెడు చిటికెడు వేస్తూ మెల్లగా తిప్పాను. 20 శాతం సంతృప్తత దగ్గర పడినదాన్ని తీసేశాను, 65 శాతం దగ్గర పడినదాన్ని ఉంచుకున్నాను. ఇక్కడా ఒక ప్రమాదం ఉంది. ఈ ఉప్పు కలిపేకొద్దీ పీహెచ్ కిందికి జారుతుంది. మామూలు ఎంజైమ్‌కి అర పాయింటు తగ్గినా ఫరవాలేదేమో. నాది ఆమ్లం తగిలితే మేలుకునే సరుకు. మీటరు ఎలక్ట్రోడ్ బీకరులోనే ఉంచి, 7కి దిగినప్పుడల్లా పలచని అమోనియా చుక్క వేస్తూ కూర్చున్నాను. రెండున్నర గంటలు పట్టింది.

రాత్రికి డయాలసిస్, అంటే ఉప్పు బయటికి పోయేలా సన్న రంధ్రాల సంచిలో పోసి బఫర్‌లో ఉంచడం. రెండు సంచులు, మొత్తం 60 మి.లీ.

జులై, తర్వాతి బుధవారం

డయాలసిస్‌లో నీళ్లు లోపలికి వస్తాయి, సంచి ఉబ్బుతుంది, అందుకని పైన మూడో వంతు ఖాళీ వదలాలి. ఒక సంచికి వదిలాను, రెండోదానికి సరిపోయేంత వదల్లేదు. పొద్దున చూస్తే ముడి జారి బీకరులో బఫర్ లేత పసుపు రంగులో ఉంది. దాదాపు 8 మి.లీ. పోయింది. రెండు లీటర్లలో కలిసినదాన్ని తిరిగి తీయలేను. మిగిలినది 1,150 మి.గ్రా. ప్రొటీన్, 1,92,000 యూనిట్లు, నూటికి 77. ముడి నిలిచి ఉంటే తొంభైకి దగ్గరగా ఉండేది. ఇక నుంచి రెండు ముడులు, పైన క్లిప్పు.

ఆగస్టు 4

డీఈఏఈ సెల్యులోజ్ కాలమ్ ఎంతో అందంగా నడిచింది. దీని గింజల మీద ధనావేశం ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర పెప్సినోజెన్‌కి రుణావేశం బాగా ఎక్కువ, గట్టిగా పట్టుకుంటుంది. సారం పోయగానే కాలమ్ పైభాగం గోధుమరంగుకి తిరిగింది. బఫర్‌తో కడగడం మొదలుపెట్టిన కాసేపటికి ఎర్రటి పట్టీ ఒకటి విడిపోయి నెమ్మదిగా కిందికి దిగడం మొదలైంది. మేక రక్తంలోని హీమోగ్లోబిన్. ఇన్నాళ్లూ నా ప్రతి ట్యూబునూ ఎర్రగా చేసింది, గింజలను అంటకుండా అంగుళం అంగుళం దిగి, పన్నెండో ట్యూబు నుంచి ఇరవయ్యో ట్యూబు లోపల పూర్తిగా బయటికి పోయింది. వెనక కాలమ్ తెల్లబడింది. అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయాను.

తర్వాత ఉప్పు. సున్నా నుంచి అర మోలార్ దాకా పెంచుతూ, 5 మి.లీ. చొప్పున 80 ట్యూబులు. 280 దగ్గర నాలుగు శిఖరాలు వచ్చాయి. ఏది నాదో ఎంజైమ్ కొలిస్తేగానీ తెలియదు. 48 నుంచి 56 దాకా ఉన్న ట్యూబులు, ఉప్పు దాదాపు 0.3 మోలార్ దగ్గర. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం నాది కాదు, దాని పక్కన భుజంలా ఉన్న చిన్నది నాది. 47, 57 కూడా కలుపుకుంటే యూనిట్లు పెరుగుతాయి, మలినమూ పెరుగుతుంది. వదిలేశాను. 110 మి.గ్రా., 1,28,000 యూనిట్లు, మి.గ్రా.కి 1,164.

ఆగస్టు 13

సెఫడెక్స్ జీ-100, అణువుల్ని సైజును బట్టి వేరుచేసే గింజలు. తొంభై సెంటీమీటర్ల కాలమ్, గంటకి 15 మి.లీ. తొందరపెడితే గింజలు నొక్కుకుపోతాయి. రెండు రాత్రులు ల్యాబులోనే ఉన్నాం, నేనూ అక్కా వంతులవారీగా. ఒకే శిఖరం, ముందు చిన్న గుట్ట. బ్లూ డెక్స్‌ట్రాన్, తెలిసిన ప్రొటీన్లతో గీసిన గీత మీద పెడితే బరువు నలభై వేలకి కాస్త అటూ ఇటూ.

ఇక్కడ ఒక పొరపాటు. లోరీ కెమికల్ అయిపోయిందని ఈ ఒక్క మెట్టుకీ బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో ప్రొటీన్ చూశాను. 26 మి.గ్రా. వచ్చింది. 82,000 యూనిట్లని 26తో భాగిస్తే మి.గ్రా.కి మూడు వేల పైన. ఇంత బాగా వచ్చిందా అని ఒక రోజంతా సంతోషంలో ఉన్నాను. మేడమ్ అంకె చూసి, "ఏ రంగుతో కొలిచావు?" అని ఒక్క మాట అడిగారు.

బ్రాడ్‌ఫర్డ్‌లో వాడే కూమాసీ నీలం ప్రధానంగా ఆర్జినిన్‌ని, కొంత లైసిన్, హిస్టిడిన్‌లను పట్టుకుని రంగు మారుతుంది. పెప్సిన్‌లో అవే తక్కువ. పంది పెప్సిన్ మొత్తం అణువులో ఒకే ఒక్క లైసిన్, రెండు ఆర్జినిన్లు, ఒక హిస్టిడిన్. పెప్సినోజెన్‌కి ఒరలో లైసిన్లున్నాయి కాబట్టి కొంత నయం, అయినా లెక్క తక్కువే చూపిస్తుంది. లోరీ కెమికల్ తెప్పించి మళ్లీ చేస్తే 38 మి.గ్రా. 280 రీడింగ్ లెక్క కూడా దానికి దగ్గరగానే వచ్చింది. అంటే మి.గ్రా.కి 2,158. మొదటి సారం కన్నా 27 రెట్లు శుద్ధి, యూనిట్లలో నూటికి 33 మిగిలాయి. ఇదే సరైన అంకె. నోట్‌బుక్‌లో పాతదాన్ని కొట్టేయకుండా పక్కన కారణం రాశాను.

ఆగస్టు 20

12 శాతం ఎస్‌డీఎస్ జెల్, ప్రొటీన్ గొలుసుల్ని విడదీసి బరువును బట్టి పరుగెత్తించేది. ఒక వరుసలో పెప్సినోజెన్, పక్కన ఆమ్లంలో పది నిమిషాలు ఉంచి మార్చిన పెప్సిన్. పెప్సినోజెన్ నలభై వేల దగ్గర ఒకే పట్టీ. జీ-100 చెప్పిన బరువూ ఇదే కాబట్టి ఇది ఒంటి గొలుసు ప్రొటీన్.

పెప్సిన్ పట్టీ ముప్పై అయిదు వేల దగ్గరకి దిగింది. ఒర ఊడిన సంగతి కంటికి కనపడింది. కానీ ఆ పట్టీ ఎంత వెలవెలబోయి ఉందంటే, మొదట సగం ప్రొటీన్ అరిగిపోయిందనుకున్నాను. మళ్లీ అదే కూమాసీ, అదే కారణం. లైసిన్లు దాదాపు అన్నీ ఒరతో పాటే పోయాయి, రంగు పట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అదే నమూనాని మరో జెల్‌లో వెండి రంగు వేసి చూస్తే రెండు పట్టీలూ సమానంగా వచ్చాయి. ఈ ఎంజైమ్‌తో పని మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. కూమాసీ మీద ఆధారపడి పెప్సిన్ ఎంతుందో తేల్చకూడదు.

సెప్టెంబరు 2

గుణాల పరీక్షలు చకచకా అయిపోయాయి. పీహెచ్ 1.5 నుంచి 4 దాకా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ వేగం 2 నుంచి 2.5 మధ్య, 4 దగ్గర బాగా తక్కువ. ఈడీటీఏ కలిపినా తేడా లేదు, అంటే లోహం అవసరం లేదు. పీఎంఎస్ఎఫ్ కలిపినా తేడా లేదు, అంటే ట్రిప్సిన్ జాతి సెరీన్ ప్రొటియేజ్ కాదు. పెప్‌స్టాటిన్ ఒక మైక్రోమోలార్ వేయగానే రీడింగ్ బ్లాంక్‌తో సమానమైంది. జపాన్‌లో ఉమెజావా బృందం 1970లో స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవుల నుంచి తీసిన చిన్న పెప్టైడ్ ఇది. పెప్సిన్ కోసే చోట రెండు ఆస్పార్టిక్ ఆమ్లాలు ఎదురెదురుగా ఉంటాయి, పెప్‌స్టాటిన్ సరిగ్గా వాటి మధ్య ఇరుక్కుని వదలదు. నీళ్లలో కరగదు, మిథనాల్‌లో కరిగించి వేయాలి. అందుకని వట్టి మిథనాల్ వేసిన ట్యూబు కూడా పక్కన పెట్టుకున్నాను.

సెప్టెంబరు 9

ఇవాళ చేసింది పాల పరీక్ష. సిలబస్‌లో లేదు, నాకు చూడాలనిపించింది. వెన్న తీసిన పాలపొడి 12 శాతం, కొంచెం కాల్షియం క్లోరైడ్, 35 డిగ్రీలు. ఎంజైమ్‌ని ఆమ్లంలో మార్చి, వెంటనే పీహెచ్ 5.5కి తెచ్చి వేశాను. ట్యూబుని వాలుగా పట్టుకుని లైటు ముందు మెల్లగా తిప్పుతుంటే గాజు మీద పాలు పలచటి పొరగా జారుతుంటాయి. ఏమీ లేదు, ఏమీ లేదు. అంతలో ఆ పొరలో సన్నటి రవ్వలు, బియ్యప్పిండి చల్లినట్టు. మూడు నిమిషాల నలభై సెకన్లు. ఇంకో నిమిషానికి ట్యూబు తిరగేసినా జారలేదు. పాల పీహెచ్ 6.3 ఉన్నప్పుడు ఇది. 6.7 చేస్తే పదకొండు నిమిషాలు పట్టింది. ఎంజైమ్ వేయకుండా పెట్టిన ట్యూబు రెండు చోట్లా అలాగే ఉంది.

పాలలో కేసీన్ ముద్దల పైన కప్పా-కేసీన్ వెంట్రుకల్లా నిలబడి వాటిని ఒకదానికొకటి అంటుకోనివ్వదు. ఆ వెంట్రుకలు తెగితే ముద్దలన్నీ కలిసి గడ్డ కడతాయి. పాలు తాగే వయసు మేకపిల్లలో ఈ పని కైమోసిన్ అనే ఇంకో ఎంజైమ్‌ది, గడ్డి మేసే వయసొచ్చాక పెప్సిన్ ఎక్కువవుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల చీజ్ చేసింది ఇలాగే. మన ఇళ్లలో పాలు గడ్డకట్టే దారులు వేరు. పెరుగుకి తోడు, అంటే పులుపు. జున్నుకి ముర్రుపాలలోనే ఉండే ప్రత్యేక ప్రొటీన్లు, అవి వేడికి గట్టిపడతాయి. మా అమ్మమ్మ ఇంట్లో దూడ పుట్టిన రెండో రోజు పాలతో, మిరియాలూ బెల్లమూ వేసి జున్ను చేసేది. అందులో కడుపు ఎంజైమ్ ఏమీ ఉండదు.

సెప్టెంబరు 23

ఫాస్ఫరస్. పంది పెప్సిన్‌లో ఒక సెరీన్ మీద ఫాస్ఫేట్ ఒకటి అతుక్కుని ఉంటుంది. మేకదాంట్లో ఉందా అని చూడాలనుకున్నాను. వాడిన పద్ధతి ఫిస్కే–సుబ్బారావు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇచ్చినది. భీమవరంలో పుట్టిన మనిషి పేరు మా ల్యాబు అలమారలో రియేజెంట్ సీసా మీద అక్క చేతిరాతలో ఉంది. నాలుగేళ్లుగా ఆ సీసా చూస్తున్నాను, వాడింది మాత్రం ఇప్పుడే.

లెక్క ముందే వేసుకున్నాను. అణువుకి ఒక ఫాస్ఫేట్ ఉంటే, 10 మి.గ్రా. పెప్సినోజెన్‌లో ఫాస్ఫరస్ ఎనిమిది మైక్రోగ్రాములు కూడా ఉండదు. ఉన్న 38లో పది ఒకేసారి పెట్టేయాలంటే చేయి ఆడలేదు. పెట్టాను. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో నల్లబడేదాకా, మళ్లీ తెల్లబడేదాకా కాల్చి, మాలిబ్డేట్ వేసి, ఆ రియేజెంట్ వేస్తే నీలం రంగు వచ్చింది. బాగా ఎక్కువే వచ్చింది. అణువుకి నాలుగు ఫాస్ఫేట్లు.

నాలుగు ఉండవని తెలుస్తూనే ఉంది. కాసేపటికి వెలిగింది, మొదటి రోజు నుంచీ నేను వాడుతున్న బఫరే ఫాస్ఫేట్. కొలిచింది మేకది కాదు, బఫర్‌ది. ఎంజైమ్‌ని కాపాడిన బఫరే ఈ ఒక్క ప్రశ్నకి అడ్డం. పది మి.గ్రా. పోయాయి.

సెప్టెంబరు 28

మిగిలినదాన్ని ట్రిస్ బఫర్ పీహెచ్ 7.5లోకి మార్చాను. రెండు రోజులు, మూడుసార్లు బఫర్ మార్చి, చివరి బఫర్‌లోనే ఫాస్ఫరస్ పరీక్ష చేసి, నీలం రాదని తేల్చుకున్నాకే ఇంకో పది మి.గ్రా. తీశాను. ఈసారి నీలం చాలా లేతగా వచ్చింది. 660 దగ్గర రీడింగ్, స్టాండర్డు గీత, లెక్క: అణువుకి 0.8.

పూర్తి ఒకటి కాదు, సున్నా కాదు. కొలతలో పొరపాటు కావచ్చు. లేదా కొన్ని అణువులకి ఫాస్ఫేట్ ఉండి, కొన్నిటికి లేకపోవచ్చు. రెండోది నిజమైతే ఎస్‌డీఎస్ లేని మామూలు జెల్‌లో తెలియాలి, ఎందుకంటే అక్కడ ఆవేశం తేడా ఉన్నవి వేర్వేరుగా పరుగెడతాయి.

అక్టోబరు 1

మామూలు జెల్ నడిపాను. ఒకే పట్టీ అనుకున్నది రెండు. పైది పలచన, కిందది చిక్కన, మధ్యలో రెండు మిల్లీమీటర్ల ఖాళీ. ముందుకు పరుగెత్తినదానికి రుణావేశం ఎక్కువ, ఫాస్ఫేట్ ఉన్నది అదే అయ్యుండాలి. జెల్‌ని లైటు పెట్టె మీద ఉంచి అక్కని పిలిచాను. ఇద్దరం వంగి చాలాసేపు చూశాం.

ఫాస్ఫేట్‌ని కోసేసే ఫాస్ఫటేజ్‌తో ముందు కలిపి ఉంచితే కింది పట్టీ పైకి వచ్చి రెండోదానితో కలవాలి. బంగాళదుంప నుంచి తీసిన యాసిడ్ ఫాస్ఫటేజ్ పక్క ల్యాబులో ఉంది, అది పీహెచ్ 5, 6 మధ్య పనిచేస్తుంది. ఒర ఊడేంత ఆమ్లం కాదది, అయినా 5.8 దగ్గరే పెడదాం అన్నారు మేడమ్. పది మి.గ్రా. మిగిలాయి, దీనికి ఒకటి చాలు. నమూనా, ఫాస్ఫటేజ్ రెండూ కలిపి 37 డిగ్రీల తొట్టిలో పెట్టాను. పక్కన ఫాస్ఫటేజ్ లేని ట్యూబు, ముందే మరిగించిన ఫాస్ఫటేజ్ వేసిన ట్యూబు. రేపు పొద్దున ఏడింటికి జెల్ పోయాలి.